ఆమేన్‌కు ముందు వడ్డన

మా ఆయన ప్రార్థన మొదలుపెడితే ఆదాము దగ్గర్నుంచి రావాలి. మధ్యలో ఏ స్టేషనూ వదిలిపెట్టరు. నోవహు ఓడ దగ్గర కాసేపు ఆగి, అబ్రాహాము గుడారం మీదుగా ఎర్రసముద్రం దాటి, సొలొమోను మందిరం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఎవరి జ్వరం తగ్గాలని ప్రార్థన ఎత్తుకున్నారో ఆ మనిషి దగ్గరికి చేరేసరికి ఆ జ్వరం దానంతటదే తగ్గిపోయి ఉంటుంది. మా సంఘంలో కొందరు దాన్ని కూడా ప్రార్థనాఫలం కిందే జమకడతారు.

స్టేషను అన్న మాట ఊరికే అనలేదు. ఆయన ఉద్యోగమే అది. రైల్వేస్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎంత ఆలస్యంగా వస్తుందో, ఎక్కడెక్కడ ఆగుతుందో చెప్పేవారు. కంచుగంట లాంటి గొంతు. నేను ఆయన మొహం చూడకముందే ఆ గొంతు విని పెళ్ళికి ఒప్పుకున్నాను. మొహం చూశాక కూడా మాట తప్పలేదంటే అది నా మంచితనం.

తర్వాత స్టేషన్లో మిషను పెట్టారు. అందులో ఎవరో అమ్మాయి గొంతు. ఆ అమ్మాయికి జలుబు చేయదు, సెలవు అడగదు, బండి ఎంత ఆలస్యమైనా ఒకే రకంగా చింతిస్తుంది. మా ఆయన్ని పార్సిలు ఆఫీసుకు మార్చారు. అక్కడ మూటలకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. రిటైరయ్యే నాటికి ఇంట్లో కూడా మాట కరువైపోయింది. ఉప్పు కావాలంటే ఉప్పు అనేవారు కాదు, ఉప్పుడబ్బా వైపు చూసేవారు. నేను కాస్త ఆలస్యంగా అర్థం చేసుకునేదాన్ని. చప్పగానే తినేవారు.

ఇక మిగిలింది ఆదివారం ఆరాధనలో ప్రార్థన ఒక్కటే. అక్కడ మైకు ఉంది. ఆ ఒక్క మైకునూ ఆయన వారమంతా దాచుకున్న గాలితో వాయించేసేవారు.

ఒక ఆదివారం గుడి నుంచి ఇంటికి వచ్చాం. ఆయన వరండాలో కూర్చుని ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండా అలాగే ఉండిపోయారు.

"ఏమే, ఒక మాట చెప్తాను. ఎవరితోనూ అనకు," అన్నారు.

"చెప్పండి."

"పాటల్లో అందరూ ఆనందం ఆనందం అని చప్పట్లు కొడుతుంటారు కదా. నేనూ కొడతాను. కాని నాకేమీ అనిపించదే. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనిపించలేదు. లోపల ప్రభువు ఉంటే అది కూడా ఉండాలంటారు. నాకు లేదంటే... నేనసలు ఆయన మనిషిని కాదేమోనే."

నా నోట్లో ఎప్పుడూ ఏదో ఒక ఎత్తిపొడుపు సిద్ధంగా ఉంటుంది. ఆ పూట ఒక్కటీ రాలేదు. ఇంత పెద్ద గొంతున్న మనిషి లోపల ఇంత భయం పెట్టుకుని తిరుగుతున్నాడా అని గుండె తరుక్కుపోయింది. ప్రభువా, ఈయనకి ఆ ఆనందం ఏదో కాస్త ఇవ్వు, నాకిచ్చేదాంట్లోంచి తీసైనా ఇవ్వు అనుకున్నాను. రెండో బూటు నేనే విప్పాను.

ఎవరితోనూ అనవద్దన్నారు కాబట్టి పాస్టరుగారితో ఒక్కరితోనే అన్నాను.

మా పాస్టరుగారు చిన్నవాడు. సంఘంలో పెద్దవాళ్ళందర్నీ చూస్తే ఆయనకి భయం, మా ఆయన్ని చూస్తే మరీ భయం. విషయమంతా విని కాసేపు ఆలోచించి, "పిన్నిగారూ, బాబాయిగారిని భోజనాల గదికి పంపండి. అక్కడ భోజనానికి ముందు ప్రార్థన ఆయనే చేయాలి. ఆదివారం ప్రార్థన కుర్రాళ్ళకి నేర్పుతాను," అన్నారు. ఆయన మొహంలో మా ఆయన మీద జాలి ఎంత ఉందో, ఆదివారం ఆరాధన త్వరగా ముగుస్తుందన్న సంబరం అంతకు రెండింతలు ఉంది. పోనీలే, ఒక దెబ్బకు రెండు పిట్టలు అనుకున్నాను.

భోజనాల గది అంటే గుడి వెనక రేకుల షెడ్డు. దానికీ రైలుపట్టాలకీ మధ్య ఒక గోడే అడ్డం. స్టేషను చుట్టుపక్కల ఉండేవాళ్ళు, పెద్దాసుపత్రిలో రోగుల వెంట వచ్చినవాళ్ళు, పని దొరకని కూలీలు మధ్యాహ్నం అక్కడ తింటారు. అన్నం, కూర, ఉంటే గుడ్డు. వంట నాది. పెత్తనం మా వదినది.

మా వదిన అంటే మా ఆయన అక్క. స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఆమె పెట్టిన నియమం ఒకటుంది: ఆమేన్ అనకముందు గరిటె కదలకూడదు, ఆమేన్ దాకా ఒక్క కన్ను తెరుచుకోకూడదు. "కళ్ళు తెరిచి ప్రార్థన చేయడం తలుపు తెరిచి స్నానం చేయడం లాంటిది," అంటుంది. ఎవరు కళ్ళు తెరిచారో ప్రార్థన అయ్యాక పేరుపేరునా చెప్పి చీవాట్లు పెడుతుంది. ఆమెకి ఎలా తెలిసిందని అడిగే ధైర్యం సంఘంలో ఇంకా ఎవరికీ పుట్టలేదు.

మా ఆయన వెళ్ళిన మొదటి రోజు బల్లల మీద మనుషులు కిక్కిరిసి ఉన్నారు. కంచాలు ముందున్నాయి. అన్నం గిన్నె మూత పక్కనుంచి ఆవిరి వస్తోంది. ఆయన లోపలికి వచ్చి, ఎవరి వంకా చూడకుండా, పైన రేకుల వైపు చూసి గొంతు సవరించుకుని కళ్ళు మూసుకున్నారు.

"కృపగల తండ్రీ, ఆదియందు భూమి నిరాకారముగా ఉన్నప్పుడు..." అని ఎత్తుకున్నారు.

నేను అన్నం గిన్నె మూత గట్టిగా నొక్కాను.

ఎదురుగా సంచులమ్మ కూర్చుని ఉంది. ఆమె ఎప్పట్నుంచి స్టేషన్లో ఉంటుందో ఎవరికీ తెలియదు. ఆస్తంతా సంచుల్లో ఉంటుంది. ఎక్కడికి వెళ్ళినా అన్నీ మోసుకునే వెళుతుంది, పడుకుంటే తల కింద, కూర్చుంటే కాళ్ళ మధ్య. ఒకసారి పట్టాలు దాటుతుంటే బండి వస్తోందని కూలీలు కేకలేసినా సంచి వదలకుండా నిలబడిందట. ఆమెకి మా ప్రార్థనల సంగతి తెలుసు, ఆమేన్ అంటే అన్నం వస్తుందని తెలుసు. మా ఆయన జలప్రళయం ముందు ఊపిరి పీల్చుకోవడానికి ఆగారు. ఇక అయిపోయిందనుకుని ఆమె "ఆమేన్" అంది. గదంతా ఆశగా "ఆమేన్" అంది. మా ఆయన అది తన ప్రార్థన అందరి మనసుల్లోకీ దిగిన గుర్తు అనుకున్నారు. ఇంకాస్త ఊపు తెచ్చుకుని ఓడలోకి జంతువులను ఒక్కొక్కటే ఎక్కించారు.

ఆ రోజు వాళ్ళు చల్లారిన అన్నం తిన్నారు. మర్నాడూ అంతే. వదిన మాత్రం, "చూశావా, మా తమ్ముడి ప్రార్థనకి కుక్కిన పేనుల్లా కూర్చున్నారు," అంది. ఆకలిగా ఉన్నవాడు కుక్కిన పేనులా కాక గంతులేస్తాడా?

ఆ తర్వాత కొన్నాళ్ళు వదిన ఆసుపత్రి వార్డుల్లో పలకరింపులకు వెళ్ళింది. పిల్లి లేని ఇంట్లో ఎలుక నేనే. ఆయన కళ్ళు మూసుకోగానే గరిటె చప్పుడు కాకుండా దాని పిడికి గుడ్డ చుట్టి, వేలు పెదాల మీద పెట్టి, వడ్డన మొదలుపెట్టాను. ఆకలి మనిషికి సైగలు ఇట్టే నేర్పుతుంది. నోవహు దగ్గర అన్నం, అబ్రాహాము దగ్గర కూర, ఎర్రసముద్రం దాటేలోగా మారు వడ్డన. ఆయన ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి అందరూ ఖాళీ కంచాల ముందు పరమ భక్తిగా కూర్చుని ఉండేవాళ్ళు. ఆయన కంచాల వంక చూస్తే కదా. ఆమేన్ అనగానే మళ్ళీ పైన రేకులకు ఒక నమస్కారం పెట్టి ఇంటికి వెళ్ళిపోయేవారు. "ఎంత ఓపికగా వింటారే వాళ్ళు," అని సాయంత్రం ఆశ్చర్యపోయేవారు కూడా. కాని ఆ మాట తర్వాత మళ్ళీ మౌనమే. ఆనందం మాత్రం రాలేదు. ఆ నెలంతా పాస్టరుగారు రెండవ రాకడ గురించి ప్రసంగాలు చేస్తున్నారు. కళ్ళు మూసి తెరిచేలోగా ప్రభువు తనవాళ్ళను ఎత్తుకుపోతాడని, మిగిలినవాళ్ళు మిగిలిపోతారని. అది విన్న ప్రతి ఆదివారం ఆయన సరిగ్గా తినేవారు కాదు. నాకు కారణం తెలుసు.

ఇక అసలు రోజు.

వదిన చెప్పాపెట్టకుండా వార్డుల పని మానుకుని భోజనాల గదికి వచ్చేసింది. నేను గిన్నెల దగ్గర ఉన్నాను కాబట్టి చూసుకోలేదు. ఆయన ఎప్పటిలాగే కళ్ళు మూసుకున్నారు, నేను ఎప్పటిలాగే గరిటె తీశాను. సగం బల్లలు వడ్డించి తలెత్తితే గదికి ఆ చివర వదిన నిలబడి ఉంది. ఒక కన్ను భక్తిగా మూసి ఉంది. రెండోది నా మీద ఉంది.

ప్రార్థన నడుస్తోంది కాబట్టి అరవడానికి లేదు. ఆమె కనుబొమతో గరిటె దించమంది. నేను గబుక్కున కళ్ళు మూసుకున్నాను. మూసుకునే వడ్డించాను. కూర ఎవరి కంచంలో పడిందో ఆ దేవుడికే తెలియాలి. ఇక లాభం లేదని ఆమె వెనక తలుపులోంచి పెరట్లోకి దిగింది, చుట్టూ తిరిగి వంటింటి వైపునుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుందామని. పెరట్లో గిన్నెలు తోమే గట్టు ఉంది. గట్టు నిండా సబ్బునీళ్ళు ఉన్నాయి. మా వదిన మంచి పుష్టిగల మనిషి.

సరిగ్గా అప్పుడే గోడ అవతల గూడ్సుబండి కూత పెట్టుకుంటూ వచ్చింది. గూడ్సు అంటే తెలుసు కదా, మొదలుంటుంది కాని చివరుండదు. రైలు వస్తే మా ఆయన ప్రార్థన ఆపరు, గొంతు పెంచుతారు. పాత అలవాటు. ఆ మోతలో వదిన పడిన చప్పుడూ, పెట్టిన కేకా వెనక తలుపు పక్కన కూర్చున్న సంచులమ్మకి మాత్రమే వినబడ్డాయి. ఆమె కంచం వదిలేసి, సంచులు కూడా వదిలేసి, ఒక్క ఉదుటున పెరట్లోకి పరిగెత్తింది. ఆమె సంచులు వదలడం చూసి, కొంపలేవో అంటుకున్నాయని అందరూ లేచి ఆమె వెనక పరిగెత్తారు. నేను గరిటెతో సహా పరిగెత్తాను.

ఇక్కడినుంచి కాసేపు జరిగింది నేను కళ్ళారా చూడలేదు, ఆయనా పాస్టరుగారూ తర్వాత చెప్పింది.

గూడ్సు వెళ్ళిపోయింది. ఆయన ఆమేన్ అన్నారు. ఎవరూ తిరిగి ఆమేన్ అనలేదు. కళ్ళు తెరిచారు. గదిలో పురుగు కూడా లేదు. బల్లల మీద కంచాలు, కంచాల్లో సగం తిన్న అన్నం. దాని మీద ఇంకా ఆవిరి ఉంది. ఎవరిదో ఒక చెప్పు నేల మీద బోర్లా పడి ఉంది. నా వంక చూశారు, నేను లేను. మొదట్లో ఆయనకి ఏమీ అర్థం కాలేదు. తర్వాత సంచులమ్మ చోటు కనబడింది. సంచులున్నాయి, సంచులమ్మ లేదు.

ఇన్నేళ్ళు స్టేషన్లో పనిచేసిన మనిషికి గూడ్సు కూతకీ, రాకడ నాడు మోగే కడబూరకీ తేడా తెలియదా అని మీరడగవచ్చు. తెలుసు. కాని ఆకలిగా ఉన్నవాళ్ళు కంచం వదిలి వెళ్ళరని కూడా ఆయనకి తెలుసు. సంచులమ్మ సంచులు వదిలి వెళ్ళే చోటు భూమ్మీద లేదని అందరికీ తెలుసు. మరి ఆమె ఎక్కడికి వెళ్ళినట్టు?

ఆయన ముందు తలుపులోంచి బయటికొచ్చి ఆకాశం వంక చూశారు. అక్కడ ఏమీ కనబడలేదు, అంటే అంతా అయిపోయిందన్నమాట. పక్కనే పాస్టరుగారి ఇల్లు. తలుపు బాదారు. పాస్టరుగారు రాకడ మీద చివరి ప్రసంగం రాసుకుంటూ దాని మీదే నిద్రపోయి, చెంప మీద సిరా మరకతో లేచొచ్చి తలుపు తీశారు.

మా ఆయన ఆయన్ని చూసి బావురుమన్నారు. "అయ్యగారూ, మీరు కూడా ఉండిపోయారా?"

"ఎక్కడ బాబాయిగారూ?"

"ఇక్కడే. అందరూ వెళ్ళిపోయారు. మా ఆవిడా వెళ్ళిపోయింది. భోజనాల గదిలో వాళ్ళందర్నీ తీసుకెళ్ళిపోయాడు. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను."

మామూలుగా అయితే పాస్టరుగారు నవ్వేవారే. కాని నెల రోజులుగా అదే చదివి, అదే చెప్పి, అదే కలగని లేచిన మనిషి. వెనక్కి తిరిగి భార్యను పిలిచారు. పలకలేదు. ఆవిడ ఉల్లిపాయలకు బజారుకు వెళ్ళింది, ఆ సంగతి ఆయన నిద్రలో ఉండగా చెప్పింది. మళ్ళీ పిలిచారు. తర్వాత మెట్టు మీద కూలబడి, "ఆవిడ వెళ్ళి ఉంటుంది. ఆవిడ మంచిది," అన్నారట.

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని భోజనాల గదిలోకి వచ్చారు. పాస్టరుగారు కంచాలు చూశారు, చెప్పు చూశారు. సంచులు చూడగానే మోకాళ్ళ మీద పడిపోయారు. ఏం ప్రార్థన చేయాలో ఇద్దరికీ తోచలేదు. మా ఆయనకి ప్రార్థన తోచకపోవడం ఆయన జీవితంలో అదే మొదలు.

అప్పుడు పెరట్లోంచి ఒక గొంతు వినబడింది. "నేనేమైనా బియ్యం మూటనా? ఆ పట్టుకోవడమేంటి? వదులు. అయ్యో, వదలకు."

"అక్క," అన్నారు మా ఆయన. "అక్క ఉంది."

"ఆవిడ ఉండటం నాకేమంత ఆశ్చర్యంగా లేదు," అన్నారు పాస్టరుగారు మెల్లిగా. ఈ మాట మా ఆయన నాకు రహస్యంగా చెప్పారు. నేనూ ఇప్పటిదాకా రహస్యంగానే ఉంచాను.

వాళ్ళు పెరటి తలుపు దగ్గరికి వచ్చేసరికి మేమంతా వదిన చుట్టూ ఉన్నాం. స్టేషను కూలీ ఒకతను తలవైపు పట్టుకుని, "నడుము దగ్గర ఒకరు, మోకాళ్ళ దగ్గర ఒకరు, కుదుపు లేకుండా లేపండి," అని పురమాయిస్తున్నాడు. సంచులమ్మ వదిన పాదం ఒళ్ళో పెట్టుకుని మడమ నిమురుతోంది. మా ఆయన గడప మీద నిలబడి మమ్మల్ని ఒక్కొక్కరినే చూశారు. అలా చూస్తూ చూస్తూ తలుపుచెక్కకి ఆనుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు.

వదినని బోర్లించిన టబ్బు మీద కూర్చోబెట్టాక సంచులమ్మ ఆయన దగ్గరికి వెళ్ళింది.

"ఎందుకయ్యా ఏడుస్తావు? మీ అక్కకి కాలు బెణికింది, అంతే. చచ్చిపోలేదు."

"అందుకు కాదమ్మా. మీరంతా వెళ్ళిపోయారనుకున్నాను."

"ఎక్కడికి?"

"పరలోకానికి."

సంచులమ్మ ఆయన వంక వింతగా చూసింది. "తినకుండానా?" అంది.

పాస్టరుగారికి ముందు నవ్వొచ్చింది. తర్వాత కూలీకి. తర్వాత ఎవరికొచ్చిందో చెప్పలేను, పెరడంతా నవ్వులే. వదిన కూడా నవ్వబోయి కాలు కదిలి అబ్బా అంది. మా ఆయన ఏడుస్తున్నవారు ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టారు. ఆ గొంతుతో ఆయన నవ్వితే ఎలా ఉంటుందో నేను మరిచిపోయాను. రేకులు మోగాయి.

నవ్వు కాస్త తగ్గాక సంచులమ్మ మళ్ళీ అడిగింది. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"అయితే నన్ను కూడా తీసుకెళ్ళిపోయాడనుకున్నావా?"

"నిన్నే ముందు తీసుకెళ్ళాడనుకున్నాను."

"నన్నా?"

"అవునమ్మా. అందులో నాకు అనుమానమే రాలేదు. నేను మిగిలిపోయాననిపించింది కాని, మీరు వెళ్ళడం తప్పనిపించలేదు."

"నన్ను ఎక్కడినుంచైనా ముందు గెంటేస్తారయ్యా. ముందు పిలుస్తారని ఎవరూ అనుకోలేదు," అంది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, "సరే, కూర చల్లారిపోతోంది," అని లోపలికి నడిచింది. నాకు కళ్ళు మసకలు కమ్మాయి. వంటగదిలో పొయ్యి దగ్గర నిలబడేవాళ్ళం, ఇలాంటప్పుడు పొగ మీదికి నెట్టేస్తాం. పెరట్లో పొగ కూడా లేదు.

అప్పటికి మా ఆయనకి కంచాల్లో అన్నం ఎలా వచ్చిందన్న సందేహం వచ్చింది. నా చేతిలో గరిటె చూశారు. దాని పిడికి చుట్టిన గుడ్డ చూశారు.

"ఎప్పట్నుంచి?" అన్నారు.

"నోవహు దగ్గర్నుంచి," అన్నాను.

"రోజూనా?"

"వదిన లేని రోజుల్లో."

కోపం వస్తుందనుకున్నాను. వస్తే పడడానికి సిద్ధంగానే ఉన్నాను. ఆయన గరిటె తీసుకుని, ఆ గుడ్డ విప్పి నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయారు. చల్లారిన కూర మళ్ళీ వేడిచేయించి బల్ల బల్లకీ తిరిగారు. రోజూ తన ఎదురుగా కూర్చున్నవాళ్ళ మొహాలు అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు వంగి వంగి చూశారు. ఆసుపత్రి నుంచి వచ్చిన ఒకావిణ్ణి మీవారికి ఎలా ఉందమ్మా అని అడిగారు. కూలీని నడుము నొప్పి ఏ వైపని అడిగారు. గరిటె పట్టుకోవడం రాదు, సగం కూర బల్ల మీద పోసేశారు. ఆ బల్ల తుడిచింది నేనే, ఆ సంగతి కూడా చెప్పుకోవాలి కదా.

సాయంత్రం ఇంటికి నడుస్తుంటే దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నారు. రేపటికి గుడ్లు సరిపోతాయా, సంచులమ్మకి మోకాలి నూనె ఎక్కడ దొరుకుతుంది, ఆ ఒంటి చెప్పు ఎవరిది, రెండోది ఏమైంది. నేను ఆగబట్టలేక అడిగాను, "ఏమండీ, ఆ రోజు చెప్పారే, ఆనందం రావడం లేదని. ఇప్పుడెలా ఉంది?"

"ఉండవే, ముందు గుడ్ల సంగతి తేల్చు," అన్నారు.

నాకు జవాబు దొరికింది. ఆ రాత్రి భోజనంలో "ఉప్పు తక్కువైంది" అని నోరు తెరిచి చెప్పారు కూడా. ఇన్నాళ్ళకి నా వంటకి పేరు పెట్టారని నేనూ సంతోషించాల్సి వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల గదిలో వదిన కట్టు కట్టిన కాలిని స్టూలు మీద పెట్టుకుని, ఎవరి గరిటె కదులుతుందో చూడటానికి గది మధ్యలోనే కుర్చీ వేయించుకుని కూర్చుంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. మా ఆయన రేకుల వైపు చూడలేదు. అన్నం గిన్నె పట్టుకుని మొదటి బల్ల దగ్గరికి వెళ్ళి, కంచంలో అన్నం వడ్డిస్తూ మొదలుపెట్టారు.

"తండ్రీ, ఈ సంచులమ్మ కుడి మోకాలు..."

"ఎడమది," అంది సంచులమ్మ కళ్ళు మూసుకునే.

"ఎడమ మోకాలు తండ్రీ, క్షమించు. బాగుచెయ్యి. ఈ కూలీ తమ్ముడికి ఇవాళ తేలిక పెట్టెలు దొరికేలా చూడు. ఈ చెల్లెలి భర్త నిన్న రెండు ముద్దలు తిన్నాడట, వందనాలు. ఇవాళ మూడు తినిపించు."

అలా ప్రతి కంచం దగ్గరా ఆగుతూ వెళ్ళారు. ఏ స్టేషనూ వదల్లేదు. నిజం చెప్పాలంటే ప్రార్థన మునుపటికన్నా పొడుగైంది. కాని ఆయన వెనక నేను కూర వేస్తూ పోయాను, తినేవాళ్ళు తింటూ పోయారు, మధ్యలో తమ వంతు మరిచిపోయారేమోనని ఒకరిద్దరు గుర్తుచేశారు. చివరి కంచం దగ్గర ఆయన ఆమేన్ అంటే గదంతా నోట్లో ముద్దతోనే ఆమేన్ అంది.

వదిన అంతసేపూ ఎలా ఓర్చుకుందో తెలియదు.

"ఒరేయ్ తమ్ముడూ," అంది. "గరిటె సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ప్రార్థన మొదలు నుంచి చివరిదాకా నీ కళ్ళు తెరిచే ఉన్నాయి. అదేం భక్తిరా?"

ఆయన ఖాళీ గిన్నె చంకన పెట్టుకుని, తింటున్నవాళ్ళందర్నీ మరోసారి చూసుకున్నారు.

"మూసుకుంటే మళ్ళీ నన్ను వదిలేసి వెళ్ళిపోతారేమో అక్కా," అన్నారు.